భద్రాచలం రోడ్డులో దిగితే భద్రాచలం రాదు!

రైలు దిగగానే "గుడి ఎటువైపండీ?" అని అడిగేవాళ్ళను మీరెప్పుడైనా చూశారా? భద్రాచలం రోడ్డు స్టేషన్లో తెల్లవారుజామున ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. పాపం, దూరం నుంచి వచ్చినవాళ్ళు. బోర్డు మీద భద్రాచలం అని ఉంది కదా అని మూటాముల్లె దించుకుంటారు. తీరా చూస్తే అది కొత్తగూడెం! రాములవారి గుడికి ఇంకా 40 కిలోమీటర్లు. బస్సెక్కాలి, గోదావరి దాటాలి. మాది ఖమ్మమే కాబట్టి నాకీ సంగతి చిన్నప్పటి నుంచీ తెలుసు. మొన్న శ్రీరామనవమి వెళ్ళిన వారానికి మా అమ్మాయితో కలిసి వెళ్ళినప్పుడు మాత్రం అదే దారి కొత్తగా కనిపించింది. ఆ సంగతే మీతో చెప్పుకోవాలని కూర్చున్నాను.

మా అమ్మాయికి హైదరాబాదులో ఉద్యోగం, మియాపూర్‌లో కాపురం. వారం రోజులుందామని వెళ్ళాను. తిరుగు ప్రయాణంలో "నేనూ వస్తానమ్మా, రాములవారిని చూసి ఎన్నాళ్ళయిందో" అంటూ బయల్దేరింది. మియాపూర్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, సికింద్రాబాదులో దిగాం. అక్కడి నుంచి రాత్రికి మణుగూరు ఎక్స్‌ప్రెస్.

మెట్రో గురించి మీకు నేను చెప్పేదేముంది, ఎక్కే ఉంటారు. 2017 నవంబరులో మొదలైనప్పుడు మియాపూర్, నాగోలు మధ్య 30 కిలోమీటర్లు. ఇప్పుడు మొత్తం 69. చల్లగా ఉంటుంది, చీర నలగదు, పర్సు కొట్టేస్తారన్న భయం తక్కువ. దాన్ని కట్టే రోజుల్లో సుల్తాన్ బజారు దుకాణాలవాళ్ళు మా బతుకులేం కావాలని ఎన్నాళ్ళు గోల పెట్టారో గుర్తుందా? గాజులకూ జాకెట్టు ముక్కలకూ ఆ సందుల్లో తిరిగినవాళ్ళం మనం. చివరికి 2020 ఫిబ్రవరిలో ఆ దారినే బండి వచ్చింది. పాతబస్తీ వైపు ఫలక్‌నుమా దాకా పొడిగించడానికి 2024 మార్చిలో శంకుస్థాపన చేశారు. ఆ దారిలోనూ కొందరు ఇళ్ళూ దుకాణాలూ ఇవ్వాల్సినవాళ్ళే.

"పొగ లేదు, నూనె లేదు. బ్రేకు వేసినప్పుడల్లా కొంత కరెంటు మళ్ళీ తీగలోకే పోతుంది. ఇంతకంటే శుభ్రమైన బండి ఏముందమ్మా?" అంది మా అమ్మాయి. నిజమే. వంద కార్లలో పోయే జనం ఒక్క పెట్టెలో పోతున్నారు. కాదనలేను.

కానీ తెల్లారకుండానే కొత్తగూడెంలో దిగితే పక్క పట్టాల మీద బొగ్గు బండి నిలబడి ఉంది. చివర ఎక్కడుందో చీకట్లో కనబడనే లేదు. "ఈ బొగ్గంతా ఎక్కడికి పోతుందమ్మా?" అని అడిగింది. "నువ్వు నిన్న ఎక్కిన బండికే" అన్నాను నవ్వుతూ. నవ్వులాటకే అన్నా, ఆ తర్వాత ఇద్దరం కాసేపు మాట్లాడలేదు. రాష్ట్రంలో తయారైన కరెంటంతా ఒకే తీగల గూటిలో కలుస్తుంది కదా. ఇది పాల్వంచ కరెంటు, ఇది జలవిద్యుత్తు అని వేరు చేసి ఎవరూ చూపించలేరు. అయినా అందులో ఈ నల్లరాయి పాలు తక్కువేమీ కాదు.

అసలీ బొగ్గు బయటపడిన కథ మన వంటింటి కథే! భద్రాచలం నడిచిపోయే యాత్రికులు ఇల్లందు దగ్గర ఆగి, మూడు నల్లరాళ్ళు పెట్టి పొయ్యి వెలిగిస్తే రాళ్ళే మండాయట. మా అమ్మమ్మ చెప్పేది. కథ సంగతెలా ఉన్నా, 1871లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఇల్లందు దగ్గర బొగ్గు ఉందని కనిపెట్టడం, 1889లో తవ్వకం మొదలవడం మాత్రం చరిత్ర. తవ్వింది ఇల్లందులో, పేరొచ్చింది దగ్గర్లోని సింగరేణి అనే ఊరికి. అంటే ఈ అడవిలోకి రైలు వచ్చింది ముందుగా బొగ్గు కోసం. భక్తులు ఆ పట్టాల మీదే తర్వాత ఎక్కారు. స్టేషను పేరు మాత్రం దేవుడిది!

కొత్తగూడెం బస్టాండులో ఇడ్లీ తిని బస్సెక్కాం. పాల్వంచ దగ్గర మా అమ్మాయి కిటికీలోంచి వెతుక్కుంది. చిన్నప్పుడు దానికి పెద్దపెద్ద డమరుకాల్లా కనిపించిన థర్మల్ కేంద్రం పాత కూలింగ్ టవర్లు లేవు. కాలం తీరిన ఆ ఎనిమిదింటినీ 2024 ఆగస్టులో కూల్చేశారు. కొత్త యూనిట్లు నడుస్తూనే ఉన్నాయి. (పిల్లలతో వెళ్ళేవాళ్ళు పాల్వంచలో దిగి కిన్నెరసాని డ్యాము, జింకల పార్కు చూడొచ్చు. ఎండ ముదరక ముందే వెళ్ళండి.) పాల్వంచ దాటాక అక్కడక్కడా అడవి మొదలవుతుంది. ఆ ఋతువులో టేకు ఆకు రాల్చి ఎండుపుల్లల్లా ఉంటుంది కానీ, ఇప్పచెట్టు కింద మాత్రం తెల్లవారేసరికి పూలు పరుచుకుని ఉంటాయి. ఆ వాసన బస్సులోకి కూడా వస్తుంది. కొందరికి తల తిరుగుతుంది, నాకు మాత్రం ఇష్టం.

సారపాకలో కాగితం మిల్లు దాటి గోదావరి వంతెన ఎక్కాం. పాత వంతెనను 1965లో రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు ప్రారంభించారు. పక్కనే రెండోది కూడా వచ్చింది. ఇప్పుడు రైలు వంతెన రావాలి. ఒడిశాలోని మల్కన్‌గిరి నుంచి భద్రాచలం మీదుగా, మణుగూరు లైన్లో ఉన్న పాండురంగాపురం స్టేషను దాకా 174 కిలోమీటర్ల కొత్త లైనుకు 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఒప్పుకుంది. 4,109 కోట్లట. అది పూర్తయితే నిజంగానే రాముడి ఊళ్ళో రైలు దిగొచ్చు. ముసలి ప్రాణాలకు ఎంత హాయి!

మరి ఆ నీళ్ళ సంగతి? 1986లో గోదావరి ఇక్కడ 75.6 అడుగులు వచ్చింది. 2022 జూలైలో 71.3 అడుగులు. 53 అడుగులకే మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు. అలాంటి ఏరు పక్కన మట్టికట్ట ఎత్తుగా వేసి పట్టాలు పరిస్తే వాగుల నీళ్ళకు దారులు ఎక్కడెక్కడ వదలాలో కాగితం మీద చూసి గీస్తే చాలదు. వరదలో బియ్యం డబ్బా నెత్తిన పెట్టుకుని నడిచిన ఆడవాళ్ళను అడిగితే వేలు పెట్టి చూపిస్తారు.

దర్శనమయ్యాక (నవమి రద్దీ తగ్గింది, అరగంటలో అయిపోయింది) గుడి మెట్ల కింద ఒక కోయ ఆమె ఎండబెట్టిన ఇప్పపూలు అమ్ముతుంటే కొన్నాను. నా వయసే ఉంటుంది. ఆమె వంట కూడా చెప్పింది. పూలలోని సన్నటి పోగులు తీసేసి, దోరగా వేయించి, వేయించిన నువ్వులూ బెల్లమూ కలిపి రోట్లో దంచి ఉండలు చుట్టాలట. నీళ్ళచుక్క తగలకూడదు, తగిలితే బూజు పట్టేస్తుంది. ఇంటికొచ్చి చేశాను, చాలా బాగున్నాయి. పూలు బజార్లో దొరికితే మీరూ చేసుకోండి.

మాటల్లో "రైలొస్తదంటగా, మంచిదే కదమ్మా మీకు?" అన్నాను.

"మంచిదే. మా ఊళ్ళో ఆగుద్దా?" అంది.

నా దగ్గర జవాబు లేదు. ఆమెది అడవి లోపలి ఊరు. తునికాకు, ఇప్పపువ్వు, కాస్త పోడు వ్యవసాయం. చెట్టుకు చెట్టు నాటుతారంట కదా అంటే నవ్వింది. "ఇప్ప మొక్క పూతకు రావాలంటే పదేండ్లు ఆగాల. అప్పటిదాకా ఏం ఏరుకోవాల?" లెక్కల్లో చెట్టు ఒకటే. ఆమె లెక్కలో అది ఏటా వచ్చే జీతం. చివర్లో ఒక మాట గర్వంగా చెప్పింది. పోడు భూమి పట్టాలో తన పేరు కూడా ఉందట. ఇంటికొచ్చాక మా అమ్మాయి వివరాలు వెతికి చెప్పింది. 2006 అటవీ హక్కుల చట్టంలో ఆ పత్రం భార్యాభర్తలిద్దరి పేరునా ఇవ్వాలని రాసి ఉందట. ఆ చట్టం కింద గ్రామసభ పెడితే వచ్చినవాళ్ళలో మూడోవంతు ఆడవాళ్ళుండాలట. ఏజెన్సీలో భూమి తీసుకునే ముందు గ్రామసభను సంప్రదించాలని 1996లోనే పెసా చట్టం చెప్పిందట. అడవిలో ఉన్నవాళ్ళకు ఏం తెలుసులే అనుకుంటాం. కాగితం దగ్గర ఆమె నాకంటే ముందుంది.

ఈ మాట ఎందుకంటున్నానో మా వదిన సంగతి చెబితే అర్థమవుతుంది.

మర్నాడు కొత్తగూడెం వచ్చి, చండ్రుగొండ మీదుగా మా అత్తవారి ఊరు వెళ్ళాం. సత్తుపల్లికి ఇవతలే. మామిడి తోటలు, పామాయిల్ తోటలు, కళ్ళకు పచ్చగా ఉంటుంది. ఆ రోడ్డు మీద ఒకప్పుడు ప్రయాణమంటే ప్రాణం అరచేతిలో పెట్టుకోవడమే. సత్తుపల్లి గనుల బొగ్గు లారీల్లో కొత్తగూడెం పోయేది. డాబా మీద వడియాలు పెడితే సాయంత్రానికి నల్లపూసల్లా అయ్యేవి! పిల్లలు సైకిలు మీద బడికి పోతుంటే తిరిగొచ్చేదాకా తల్లులకు ఊపిరాడేది కాదు. ఇప్పుడు భద్రాచలం రోడ్డు నుంచి సత్తుపల్లికి 54 కిలోమీటర్ల రైలు మార్గం ఉంది. ఖర్చులో సింగరేణి కూడా భాగం పెట్టుకుంది. 2022 నవంబరు 12న ప్రధాని జాతికి అంకితం చేశారు. బొగ్గు రైలెక్కాక రోడ్డు తేలికపడింది. నేను రైలుకు వ్యతిరేకిని కానే కాదని చెప్పడానికే ఇదంతా.

కానీ ఆ పట్టాలు పోయింది మా వదిన తోట మీదుగా. మా మామగారు ఆవిడ పెళ్ళిలో పసుపుకుంకుమ కింద ఎకరం మామిడి తోట ఇచ్చారు. నోటిమాటే, ఆ రోజుల్లో కాగితం ఎవరు అడిగారు? తర్వాతెప్పుడో పాసుపుస్తకం చేయించేటప్పుడు అన్నయ్యగారి పేరు రాయించారు. రైలుకు ముప్పై కుంటలు పోయింది. డబ్బు పుస్తకంలో ఎవరి పేరుంటే వాళ్ళకే వస్తుంది, అందులో ఇచ్చినవాళ్ళ తప్పేమీ లేదు. ఆ డబ్బుతో పెద్దబ్బాయి అప్పు తీరింది, చిన్నబ్బాయి పేరున ఖమ్మంలో స్థలం వచ్చింది. అన్నయ్యగారు చెడ్డవారు కాదు సుమా, భార్యను పల్లెత్తు మాట అనరు. కానీ "నీకేం కావాలి?" అని కూడా ఎవ్వరూ అడగలేదు. ఏ చెట్టు ఎన్నేళ్ళదో లెక్క రాసేటప్పుడు మాత్రం ఆవిడను పిలిచారు. ఆ లెక్క ఆవిడకే తెలుసు కనుక!

అదంతా మాట్లాడుకున్న రోజు నేను ఆ ఇంట్లోనే ఉన్నాను. మావారు తమ్ముడి హోదాలో కూర్చున్నారు. తొమ్మిదిమంది మగవాళ్ళు. అందరికీ కాఫీలు కలిపి ఇచ్చింది నేనే. "వదినకూ కొంత రాయండి" అని ఒక్కమాట అనడానికి నోరు రాలేదు. మనకెందుకులే, వాళ్ళ కుటుంబం గొడవ అనుకున్నాను. ఇన్నేళ్ళుగా ఆవకాయ జాడీ మూత తీసినప్పుడల్లా గుర్తొస్తుంది. మా ఇంటికి ఏటా ఆవకాయకు కాయలు ఆ తోటవే వచ్చేవి మరి.

ఈసారి అడిగాను. "బాధగా లేదా వదినా?"

"రైలు మీద నాకేం కోపం లేదే. పిల్లలు రోడ్డు మీద నిమ్మళంగా తిరుగుతున్నారు" అంది. కాసేపాగి, "నా కాళ్ళకింది నేల పోయిందని నాకే ఆఖరున తెలిసింది, అదొక్కటే" అంది. అంతలో కట్ట మీద బొగ్గు బండి వచ్చింది. ఆవిడ పెట్టెలు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. రోజూ లెక్కపెడుతుందట. మా అమ్మాయి కూడా పక్కన నిలబడి లెక్కపెట్టింది. యాభై దాటాక ఇద్దరికీ లెక్క తప్పింది.

రేపు గోదావరి అవతల కొత్త లైనుకు కొలతలు వేసేవాళ్ళు, పాతబస్తీలో ఇళ్ళ ముందు ముగ్గు గీతల్లా గుర్తులు పెట్టేవాళ్ళు ముందుగా ఆ ఇంటి ఆడమనిషి పేరు ఏ కాగితంలో ఉందో చూస్తే బాగుండును. వాళ్ళు చూసేదాకా మనమెందుకు ఆగాలి?

ఖమ్మం చేరిన రాత్రి బీరువాలోంచి మా ఇంటి కాగితాలు తీసి మావారి ముందు పెట్టాను. "ఇప్పుడెందుకివి?" అన్నారు. వదిన సంగతి చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదాయన. "ఆ రోజు నేనూ ఉన్నానుగా" అన్నారు చివరికి. వచ్చే నెల అక్క దగ్గరికి వెళ్ళి మిగిలిన పది కుంటల సంగతి బావగారితో మాట్లాడతానన్నారు. ఆ తర్వాత సబ్‌రిజిస్ట్రారు ఆఫీసుకు మన కాగితాలూ పట్టుకెళదామన్నారు. గ్యాసు బుక్ చేసిన తేదీ పక్కనే ఆ రెండు తేదీలూ క్యాలెండరు మీద రాసిపెట్టాను.