మౌనవ్రతం పట్టిన శబ్దఫలకం

సౌండుకార్డును తెలుగులో ఏమనాలన్న విషయం మీద ఒకప్పుడు మిత్రులం చాలాసేపు వాదించుకున్నాం. ధ్వనిపత్రం అని ఒకరు, శబ్దఫలకం అని మరొకరు. నా మట్టుకు రెండవదే నచ్చింది. పేరు ఏదైనా, అది పలకనప్పుడు పడే అవస్థ ఒక్కటే. లినక్సును ఆ రోజుల్లో ఇంట్లో పెట్టుకున్నవారెవరికైనా ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు. తెరమీద అన్నీ కనిపిస్తాయి, మౌసు కదులుతుంది, తెలుగు అక్షరాలు కూడా పొందికగా వస్తాయి. పాట పెడితే మాత్రం, కాలం గీత కదులుతూ పోతుంది కానీ స్పీకరులోంచి చిన్న చప్పుడైనా రాదు.

దీని వెనుక కొంత చరిత్ర ఉన్నది. లినక్సుకు తొలి ధ్వని చోదకాన్ని ఫిన్లండు దేశస్థుడు హన్ను సవోలైనెన్ 1992లో సౌండ్ బ్లాస్టర్ కార్డు కోసం వ్రాశాడు. అదే పెరిగి ఓఎస్ఎస్ అయింది. ఆ పద్ధతిలో సాధారణంగా ఒక సమయంలో ఒక ప్రోగ్రామే కార్డును పట్టుకోగలదు. రెండవది వస్తే "పరికరం ఖాళీ లేదు" అన్న జవాబే. చెక్ దేశస్థుడు యారోస్లావ్ కైసెలా గ్రావిస్ అల్ట్రాసౌండ్ కార్డు కోసం మొదలుపెట్టిన పని ఆల్సా అన్న కొత్త వ్యవస్థగా ఎదిగి, 2003 డిసెంబరులో వెలువడిన 2.6 కెర్నెల్‌తో అందరికీ చేరింది. నా కథ ఆ తరువాతిది.

2006 వేసవి. లేఖిని, కూడలి వచ్చి, మనమందరం తెలుగులో వ్రాయగలుగుతున్నామన్న సంబరంలో ఉన్న రోజులవి. నేను విస్సన్నపేటలో మా పెద్దమ్మ ఇంట్లో ఉన్నాను. నూజివీడు నుంచి తిరువూరు వెళ్ళే దారిలో ఉండే ఈ ఊరు అప్పుడు కృష్ణా జిల్లాలోది. 2022 నుంచి ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చింది. మామిడికాయల కాలం కావడంతో వీధి వీధంతా లారీల చప్పుడు. నేను పట్టుకెళ్ళిన కంప్యూటరు మాత్రం మూగది.

అది మాట్లాడవలసిన అవసరం నాకంటే పెద్దమ్మకు ఎక్కువ. మా పెదనాన్న పద్యనాటకాల మనిషి. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాలలో కృష్ణుడి వేషం కట్టేవాడు. పీసపాటి, షణ్ముఖి వంటి మహామహుల స్థాయి అని నేననను. చుట్టుపక్కల ఊళ్ళలో నవమి పందిళ్ళకు పిలిచేవారు, అంతే. ఆయన పోయి అప్పటికి తొమ్మిదేళ్ళు. మిగిలినవి మూడు క్యాసెట్లు. ఇంట్లో ఉన్న టేపురికార్డరు బెల్టు సాగిపోయి, పద్యం ఒక్కొక్కచోట మత్తుమందు తాగినట్టు వినిపించేది. ఒక క్యాసెట్టు అప్పటికే ఒకసారి నలిగింది. పెద్దమ్మకు వినికిడి కూడా ఏటికేడు తగ్గుతున్నది. "ఇంకొన్నాళ్ళు పోతే అవీ ఉండవు, నా చెవులూ ఉండవు. ఈలోగా ఏదైనా చెయ్యరా" అన్నది. బెజవాడలో ఒక మరమ్మతుదారు చేత బెల్టు మార్పించాను. ఇక పద్యాలను కంప్యూటరులోకి ఎక్కించడమే మిగిలింది.

ముందుగా కార్డు ఉన్నదో లేదో చూడాలి. ఎల్ఎస్‌పీసీఐ అన్న ఆదేశం ఇస్తే అది పేరుతో సహా కనిపించింది: మదర్‌బోర్డుకే అంటిపెట్టుకుని ఉండే ఏసీ97 రకం. ఇంటెల్ 1997లో నిర్దేశించిన ప్రమాణం అది. ఎల్ఎస్‌మాడ్‌లో దాని చోదకం కూడా ఎక్కి ఉన్నది. వాడుకరి పేరు ఆడియో సమూహంలో లేకపోతే కార్డును ముట్టుకోనివ్వదు కనుక అదీ చూశాను, సరిగానే ఉన్నది. అన్నీ ఉన్నాయి, ధ్వని లేదు. ఊళ్ళో నాకు అంతర్జాలం అందుబాటులో లేదు. సందేహం వస్తే తిరువూరు బస్సెక్కి నెట్ సెంటరుకు వెళ్ళడమో, లేదా కంప్యూటరులోనే ఉండే మాన్యువల్ పుటలు చదువుకోవడమో. ఆ పుటల పుణ్యమా అని ఆల్సామిక్సర్ తెరిచాను. నల్లటి తెరమీద నిలువు గొట్టాలు వరుసగా, ఒక్కొక్కదాని అడుగున రెండు ఎం అక్షరాలు. అవి మౌనానికి గుర్తు. మాస్టర్, పీసీఎం, లైన్, మైక్, సీడీ, అన్నీ మౌనమే.

ఎందుకిలా అని ఆ ప్రమాణం పత్రాన్ని తరువాత తిరువూరులో చదివితే తెలిసింది. ఏసీ97 చిప్పుకు విద్యుత్తు అందగానే దాని స్వర నియంత్రణలు మౌన స్థితిలోనే మేలుకోవాలని అందులోనే ఉన్నది. అంటే పాడైపోయి పలకకపోవడం కాదు, పలకమనేదాకా పలకకూడదన్నది దాని నియమం. ఆలోచిస్తే అది మర్యాదే. స్పీకరు ఎంత పెద్దదో, మైకు ఎంత దగ్గరగా ఉన్నదో తెలియని యంత్రం ఒక్కసారిగా గొంతెత్తితే చెవులు చిల్లులు పడతాయి. ఆ మౌనాన్ని విడిపించి, మీట ఎంతవరకు ఎత్తాలో నిర్ణయించే బాధ్యత వ్యవస్థది, లేదా వాడేవారిది.

ఎం మీట నొక్కి మాస్టర్‌ను, పీసీఎంను విడిపించాను. స్పీకరులోంచి సన్నటి బుస్సుమన్న చప్పుడు, ఆ వెంటనే పాట. వంటింట్లోంచి పెద్దమ్మ వచ్చి, "నోరు కట్టేసి పెట్టారటరా దానికి?" అన్నది. అవునన్నాను. "పుట్టింటి నుంచి కొత్తగా వచ్చిన కోడలల్లే ఉన్నదే" అని నవ్వింది. ఆల్సాకు అంతకంటే మంచి వివరణ నేను ఇప్పటివరకూ వినలేదు.

వినడం అయింది, ఇక వినిపించుకోవడం. టేపురికార్డరు ఇయర్‌ఫోను రంధ్రం నుంచి కార్డు నీలిరంగు లైన్-ఇన్ రంధ్రానికి తీగ కలిపాను. టేపు తిరుగుతున్నది, రికార్డింగు మాత్రం నిశ్శబ్దం. ఏసీ97 చిప్పు మేలుకోగానే మైకు వైపే చెవి పెట్టి ఉంటుంది. లైన్ వైపు తిప్పమని విడిగా చెప్పాలి. ఆల్సామిక్సర్‌లో ఎఫ్4 నొక్కి, లైన్ మీద స్పేస్‌బార్ నొక్కితే ఎర్రగా క్యాప్చర్ అన్న మాట వెలిగింది. ఇంకొక సూక్ష్మం: ఈ రకం కార్డుల సహజ వేగం సెకనుకు 48,000 నమూనాలు. సీడీల కొలత 44,100 కనుక అదే పెట్టాలని చాలామంది అనుకుంటారు. సీడీ చేసే ఉద్దేశం లేనప్పుడు కార్డు సహజ వేగాన్నే వాడుకుంటే నడుమ మార్పిడి తప్పుతుంది. 16 బిట్లు, ఒకే చానలు. ముప్పై నిమిషాల పక్కకు సుమారు 173 మెగాబైట్లు. ఆనాటి డిస్కుకు అది చిన్న బరువేమీ కాదు.

పాత క్యాసెట్టును ఉన్నపళంగా మోగించకూడదు. చివరిదాకా ముందుకు, మళ్ళీ వెనక్కు ఒకసారి తిప్పితే చుట్టలు వదులవుతాయి. హెడ్డును స్పిరిట్టు అద్దిన దూదితో తుడవాలి. వేసవి కనుక పగలు కరెంటు మీద నమ్మకం లేదు. రాత్రి పది దాటాక, లారీల సద్దు తగ్గాక కూర్చున్నాం. పద్యం ముగిసేచోట పెదనాన్న రాగం తీస్తుంటే హార్మోనియం వెనకబడిపోవడం, జనం ఒన్స్‌మోర్ అని అరవడం, ఆయన దగ్గి మళ్ళీ ఎత్తుకోవడం. పెద్దమ్మ హెడ్‌ఫోన్లు రెండు చేతులతో అదిమి పట్టుకుని విన్నది.

మూడవ క్యాసెట్టు రెండవ పక్క నాటకం కాదు. ఇంట్లో చేసుకున్న అభ్యాసం. పద్యం మూడవ పాదంలో పెదనాన్న ఆగిపోయాడు. రెండు క్షణాల నిశ్శబ్దం. తరువాత దూరం నుంచి, గిన్నెల చప్పుడు మధ్య, ఒక ఆడగొంతు ఆ పాదాన్ని అందించింది. ఆయన అందుకుని ముగించాడు. కొంతసేపటికి మరొక పద్యం, మళ్ళీ తడబాటు, మళ్ళీ అదే గొంతు. మొత్తం ఐదుసార్లు. నేను పెద్దమ్మ ముఖంలోకి చూశాను. ఆమెకు నాటకం మొత్తం కంఠస్థమని మా ఇంట్లో ఒక్కరికీ తెలియదు. ఆమె ఎన్నడూ చెప్పలేదు, మేమూ ఎన్నడూ అడగలేదు. "నీకు పద్యాలన్నీ వచ్చా పెద్దమ్మా?" అంటే, "రోజూ చెవిలో పడితే రావూ? ఆ రోజు గారెలు మాడిపోయాయి, అది జ్ఞాపకం ఉన్నది నాకు" అని హెడ్‌ఫోన్లు తీసి బల్లమీద పెట్టింది.

మర్నాడు లైన్‌కు బదులు మైకును ఎంచుకున్నాను. మొదట వద్దన్నది, ఆనక తలుపు వేసి రమ్మన్నది. రాగం లేకుండా, మామూలుగా చదువుతున్నట్టు, నలభై పద్యాలకు పైగా చెప్పింది. ఒక్కచోట కూడా ఆగలేదు.

ఇప్పుడీ బాధలేవీ లేవు. 2004లో వచ్చిన హెచ్‌డీ ఆడియో ఏసీ97 స్థానాన్ని ఆక్రమించింది. 2007లో ఫెడోరా 8 పల్స్ఆడియోను, 2021లో ఫెడోరా 34 పైప్‌వైర్‌ను స్థిరపరిచాయి. నేటి లినక్సు చాలా కంప్యూటర్లలో పెట్టగానే పలుకుతుంది. ఇప్పుడు కష్టం టేపులతోనే. మోగించే యంత్రాలు కరువవుతున్నాయి, టేపుల మీది పూత రాలిపోతున్నది. మిత్రులారా, మీ అటకల మీద క్యాసెట్లు ఉంటే ఈ సెలవులకే దింపండి. పైన ఏ పేరు వ్రాసి ఉన్నా రెండు పక్కలూ చివరిదాకా వినండి. నష్టం లేని ఫ్లాక్ రూపంలో దాచి, ఇద్దరు ముగ్గురి దగ్గర ప్రతులు ఉంచండి. మా మూడు క్యాసెట్ల పెట్టెల మీద పెదనాన్న పేరు ఒక్కటే ఉండేది. కంప్యూటరులో దాచిన ఫైళ్ళకు నేను రెండు పేర్లు పెట్టాను.