పట్టాల పట్టణంలో కడలి ఈత ప్రణాళిక

బిలాస్‌పూర్ అనగానే మన ఉద్యోగ మిత్రుల కళ్ళ ముందు మెదిలేవి బొగ్గు నింపుకొన్న వ్యాగన్ల బారులు, రాత్రీ పగలూ నిద్రపోని రైలు కూడలి, వేపచెట్ల నీడన వరుస క్వార్టర్లు. సముద్రం మాత్రం మెదలదు. ఛత్తీస్‌గఢ్‌కు తీరమే లేదు. ఎండాకాలంలో ఊరి నడుమనున్న అర్పా నది కూడా ఇసుక మేటగా మిగులుతుంది. అటువంటి పట్టణంలో కూర్చుని ఒక ద్వీపం చుట్టూ ఈదాలని ఆలోచించడం వింతగా తోచవచ్చు. కాని ఆ ఆలోచనకు ఇంతకంటె తగిన చోటు అరుదని అక్కడ కొన్నాళ్ళు గడిపిన తరువాత నాకు అనిపించింది.

ఈ ఊరిని పెంచింది రైలు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే తన ప్రధాన మార్గాన్ని నాగపూర్ నుంచి బిలాస్‌పూర్ మీదుగా ఆసన్‌సోల్ వైపు 1891 నాటికి పూర్తిచేసింది. 1931లో రాయపూర్–విజయనగరం మార్గం పూర్తయి ఈ ప్రాంతాన్ని మన ఉత్తరాంధ్రకు దగ్గర చేసింది. రైల్వే కొలువులకై వచ్చిన తెలుగు కుటుంబాలు ఇక్కడే స్థిరపడ్డాయి. 2003 ఏప్రిల్ 5న ఆగ్నేయ మధ్య రైల్వేకు ఈ పట్టణం కేంద్రమైంది. విశాఖకూ తిరుపతికీ ఇక్కడి నుంచి నేరుగా రైళ్ళున్నాయి. అర్పా నీరు సైతం శివనాథ్‌లో కలిసి, ఆపై మహానదిలో చేరి, చివరకు బంగాళాఖాతాన్నే చేరుతుంది.

ఇక్కడి రైల్వే కాలనీలో పెరిగిన ఒక తెలుగు యువకునికి రామేశ్వర ద్వీపాన్ని ఈదుతూ చుట్టిరావాలని కోరిక. అతని తల్లికి మాత్రం దిగులు. “అంత నీళ్ళలో వాడొక్కడే కదండీ!” అన్నదామె. ఆ మాటకు సమాధానం వెదకడమే అసలైన ప్రణాళిక.

ఆ సమాధానానికి ఆధారం రైల్వే కుటుంబంలోనే ఉంది. ఇంగ్లిష్ చానెల్‌ను ఈదిన తొలి ఆసియా మహిళ ఆరతీ సాహా బి.ఎన్.ఆర్. ఉద్యోగిని. 1959 ఆగస్టు 27న ఆమె తొలి ప్రయత్నం చేసినప్పుడు వెంట రావలసిన పడవ వేళకు రాలేదు. ఈత నలభై నిమిషాలు ఆలస్యంగా మొదలైంది. అనుకూలమైన ప్రవాహం చేజారింది. ఇంగ్లండు తీరం కొద్ది మైళ్ళ దూరంలో ఉండగా ఎదురు ప్రవాహం అడ్డుపడి, పడవవాని ఒత్తిడి మీద విరమించవలసి వచ్చింది. నెల దాటిన కొద్ది రోజులకే, సెప్టెంబరు 29న, 16 గంటల 20 నిమిషాలలో ఆమె ఆవలి ఒడ్డు చేరింది. రెండుసార్లూ చేతుల బలం ఒక్కటే; వేళ మాత్రం వేరు. వేళ విలువ రైల్వేవారికి వేరుగా చెప్పనక్కరలేదు కదా!

తిన్నగా ఈదడానికీ ద్వీపం చుట్టూ ఈదడానికీ భేదం ఉంది. చుట్టు ఈతలో ఒక ఒడ్డున తోడైన ప్రవాహం మరో ఒడ్డున ఎదురవుతుంది. న్యూయార్కులోని మాన్‌హటన్ ద్వీపాన్ని సుమారు 46 కి.మీ. చుట్టే ఈతగాళ్ళు ఆటుపోట్ల పట్టికను చూసే బయలుదేరు వేళ నిర్ణయిస్తారు. మన రామేశ్వరం పాంబన్ నుంచి ధనుష్కోటి కొస వరకు సుమారు 30 కి.మీ. పొడవు; చుట్టిరావాలంటే అరవైకి పైమాటే. ఉత్తరాన పాక్ అఖాతం, దక్షిణాన మన్నార్ సింధుశాఖ. ఒక్కొక్క రుతుపవన కాలంలో ఒక్కొక్క వైపు అల్లకల్లోలం. మిహిర్ సేన్ పాక్ జలసంధిని ఈదింది 1966 ఏప్రిల్‌లో. పన్నెండేళ్ళ కుట్రాలీశ్వరన్ ఈదింది 1994 ఏప్రిల్‌లో. రెండు రుతుపవనాల నడుమ సందు అదే. పాంబన్ వంతెన కింద ప్రవాహం ఉరవడి ఎక్కువ. 1964 డిసెంబరు తుపానులో ధనుష్కోటి రైలును మింగిన సముద్రమూ ఇదే. ఆవలి కొసన దేశ సరిహద్దు సమీపం. దక్షిణాన మన్నార్ సాగర జాతీయ వనం. కనుక నౌకాదళం, తీరరక్షక దళం, అటవీశాఖల అనుమతులు లేకుండా అడుగు పడదు.

వెచ్చని నీరు హాయి అనుకోరాదు. 2010 అక్టోబరులో ఫుజైరా వద్ద వేడినీటి పోటీలో అమెరికా ఈతగాడు ఫ్రాన్ క్రిపెన్ ప్రాణాలు కోల్పోయాడు. ఆ తరువాతి నిబంధనల్లో నీటి వేడికి 31 డిగ్రీల గరిష్ఠ పరిమితి పెట్టారు. అందుచేత బయలుదేరడం వేకువజామునే. అరగంటకొకసారి పడవ నుంచి తాడు కట్టిన సీసాలో పానీయం. చంకలకూ మెడకూ ఒరుపు తగలకుండా పెట్రోలియం జెల్లీ. ఈతగాడు పడవను ముట్టరాదు. పడవలో మాత్రం పరిశీలకుడు, వైద్యుడు, ఆ జలాలెరిగిన జాలరి ఉండి తీరాలి.

ఆశకు మన తెలుగువారిలోనే నిదర్శనం ఉంది. సామర్లకోటకు చెందిన గోలి శ్యామల నాలుగు పదులు దాటాక ఈత నేర్చి, 2021 మార్చిలో సుమారు 30 కి.మీ. పాక్ జలసంధిని 13 గంటల 43 నిమిషాలలో దాటారు. మన యువకుడు తలపెట్టిన దూరం దానికి రెట్టింపు. ఈ లెక్క కాగితం మీద వేసుకున్నాక అతడు తన పట్టుదలను సవరించుకున్నాడు: ఒక్కడు కాక ఆరుగురు మిత్రులు, మనిషికి గంట చొప్పున, క్రమం తప్పకుండా వంతులవారీగా ఈదాలి. రైలు ఒకటే, నడిపే సిబ్బంది మారుతూ ఉంటారు.

సాధనకు కొలనే మేలు. రతన్‌పూర్ దగ్గరి ఖుటాఘాట్ జలాశయం విశాలమైనదే కాని, అందులో మొసళ్ళ సంచారం ఉంది. నీట మునిగిన చెట్ల మోళ్ళవల్లనే దానికి ఆ పేరు వచ్చిందంటారు. కొలనులో నెలల తరబడి గంటలు పెంచుకుంటూ పోయి, ఆపైన అనుభవజ్ఞుల తోడుతో కడలిలో దిగడమే పద్ధతి.

ఇంతకూ ప్రణాళికలో మొదట రాయవలసిన వాక్యం ఒకటుంది: “ఆపు” అనే అధికారం ఎవరిది? అలసిన ఈతగానికి తన అలసట తెలియదు. కనుక ఆ మాట పడవలోని ఒకరిదై ఉండాలి. ఒడ్డు కనుచూపు మేరలో ఉన్నా దానికి తిరుగు లేకూడదు. ఎర్ర సిగ్నలు ముందు ఎంత వేగపు బండి అయినా ఆగవలసిందే, అందులో అవమానం లేదు. ఆరతీ సాహా ఆగస్టులో ఆగారు కనుకనే సెప్టెంబరులో చేరారు. సాహసానికి పూనుకొనే మన పిల్లలకు పెద్దలు అడ్డు చెప్పనక్కరలేదు. పక్కన కూర్చుని ఈ ఒక్క వాక్యం రాయిస్తే చాలు.