ప్రతీక్షా? ఉపేక్షా?

సంస్కృతంలో 'ఈక్ష్' ధాతువుకు చూచుట అని అర్థం. ఆ ఒక్క ధాతువుకే వేర్వేరు ఉపసర్గలు చేరగా మన నిత్యవ్యవహారంలోని నాలుగు పదాలు ఏర్పడ్డాయి. కావాలని కోరుకోవడం అపేక్ష. తగునో తగదో తరచి చూడడం పరీక్ష. రావలసినదానికై ఎదురుచూడడం ప్రతీక్ష. చూడవలసినదానిని చూడక విడిచిపెట్టడం ఉపేక్ష. నాలుగింటిలోనూ ఉన్నది చూపే. ఆ చూపు ఎటు తిరిగిందన్నదే భేదం. మనస్సు తరచుగా ఉపేక్షకు ప్రతీక్ష అని పేరు పెట్టుకొని తృప్తిపడుతుంది. ఈ మాయ శాస్త్రచర్చలో కన్న అతిసామాన్యమైన లౌకికవ్యవహారంలో స్పష్టంగా కనబడుతుంది. క్రొత్త ల్యాప్‌టాప్ కొనదలచినవారు "తరువాతి తరం ప్రాసెసర్ రానీ, అప్పుడు కొందాం" అని ఆగడం అట్టి వ్యవహారమే.

రాజమహేంద్రవరంలో ఒక విశ్రాంత సంస్కృతాధ్యాపకులు ఉన్నారు. వారి గురువుగారు 1990వ దశకంలో కఠోపనిషత్తుపై చేసిన ప్రవచనాలు ఎనభై క్యాసెట్లలో వారి వద్ద మిగిలాయి. ఒక్కొక్కటి అరవై నిమిషాలది. వేరెవ్వరి వద్దా ప్రతి లేదు. వాటిని కంప్యూటరులోకి ఎక్కించి, విని వ్రాతప్రతి సిద్ధం చేసి, సందేహమున్న చోట్ల వయోవృద్ధులైన గురువుగారినే అడిగి సరిదిద్దుకోవాలని 2015లో ఆయన సంకల్పించారు. ఇంటనున్న ల్యాప్‌టాప్ పాతబడి, పని నడుమ ఆగిపోయేది. క్రొత్తది కొనవలసి వచ్చింది.

హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మేనల్లుడు ఫోనులో ఇలా అన్నాడు: "మామయ్యా, ఇప్పుడు తొందరపడకండి. పది నానోమీటర్ల ప్రాసెసర్లు రాబోతున్నాయి. అవి వచ్చాక కొంటే పదేళ్లు చూసుకోనక్కరలేదు." పింఛనుపై జీవించే గృహస్థుకు ల్యాప్‌టాప్ ఏటేటా కొనే వస్తువు కాదు. కొన్న మరునెలలోనే మేలైనది వస్తుందేమోనన్న శంకను లోభమని నిందించడం న్యాయం కాదు. ఆ సలహాలో ప్రేమ ఉన్నది, ఆ అంగీకారంలో వివేకం ఉన్నది. దోషం అక్కడ మొదలు కాలేదు.

పది నానోమీటర్లన్న మాటలో ఆ సంఖ్య తయారీవిధానపు తరానికి పెట్టిన పేరు. ట్రాన్సిస్టర్లు సూక్ష్మమైనకొద్దీ అదే స్థలంలో ఎక్కువ ఇముడుతాయి, విద్యుత్తు ఆదా అవుతుంది. ఆ ప్రాసెసర్లు 2017 ద్వితీయార్ధంలో వస్తాయని ఇంటెల్ సంస్థ 2015 జూలైలో ప్రకటించింది. 2017 వచ్చింది, అవి రాలేదు. ఆ ఆగస్టులో ఎనిమిదవ తరం పేరిట వచ్చినవి పాత పద్నాలుగు నానోమీటర్ల విధానంలోనివే. విచిత్రమేమంటే, పలుచని ల్యాప్‌టాప్‌లలో అంతవరకు రెండే ఉండే కోర్లు వాటితో నాలుగయ్యాయి. ఎదురుచూసిన ద్వారం మూసి ఉండగా ప్రక్కద్వారం నుండి ప్రయోజనం వచ్చింది. కాని పది అన్న సంఖ్యపైనే దృష్టి నిలిపినవారికి అది కనబడలేదు. 2018 జనవరిలో మెల్ట్‌డౌన్, స్పెక్టర్ అనే భద్రతాలోపాలు బయటపడ్డాయి. వాటిని మూలంలోనే సరిదిద్దిన ప్రాసెసర్లు వచ్చేదాకా ఆగడం మంచిదని మరొక హేతువు తోడైంది. పది నానోమీటర్ల ప్రాసెసర్లు ల్యాప్‌టాప్‌లలో విరివిగా రావడం 2019లో మొదలైంది. అప్పటికి వాటి తరువాతి తరం గురించిన వార్తలు వినవస్తున్నాయి.

తర్కశాస్త్రంలో దీనిని అనవస్థ అంటారు. ఒకదానికి ఆధారం మరొకటి, దానికి ఇంకొకటి, ఎక్కడా నిలకడ లేకపోవడం అనవస్థాదోషం. ప్రాసెసర్ల పరిశ్రమ స్వభావమే అట్టిది. ఒక చిప్‌పై అమర్చే భాగాల సంఖ్య ఏటేటా రెట్టింపవుతున్నదని గోర్డన్ మూర్ 1965లో గుర్తించి, 1975లో ఆ గడువును రెండేళ్లకు సవరించారు. నాటి నుండి రాబోయేది ఉన్నదానికన్న మేలుగా ఉండడం ఆ రంగానికి నియమమైంది. కనుక "మేలైనది రాబోతున్నది" అన్న వాక్యం ఏనాడైనా సత్యమే. ఏనాడైనా సత్యమైన వాక్యం ఈనాడు ఏమి చేయాలో నిర్ణయించజాలదు.

ఈ నిరీక్షణ అమ్మేవారిని సైతం దహించగలదు. చేతితో మోసుకుపోగల కంప్యూటర్లను 1981లో విపణిలోకి తెచ్చిన ఆస్బోర్న్ సంస్థ రాబోయే నమూనాల గురించి ముందే చెప్పగా, ఉన్నవాటిని కొనేవారు తగ్గారని ప్రసిద్ధి. 1983లో ఆ సంస్థ దివాలా తీసింది. అందుకు ఇతర కారణాలూ ఉన్నాయని పరిశీలకులు చెప్పినా, రాబోయేదాని వార్త ఉన్నదాని అమ్మకాన్ని చంపడాన్ని నేటికీ ఆస్బోర్న్ ప్రభావమనే పిలుస్తారు.

ఇప్పుడు పరీక్షించవలసిన ప్రశ్న ఒక్కటే. ఆ అధ్యాపకుల కార్యానికి అడ్డు నిలిచినది ఏది? క్యాసెట్‌లోని టేపు సెకనుకు దాదాపు 4.76 సెంటీమీటర్ల వేగంతో నడుస్తుంది. అరవై నిమిషాల ప్రవచనాన్ని శ్రద్ధగా ఎక్కించడానికి అరవై నిమిషాలూ పడుతుంది. ఎంత గొప్ప ప్రాసెసర్ వచ్చినా గురువుగారు మాట్లాడిన వేగం మారదు. ధ్వనిని సెకనుకు 44,100 మార్లు కొలిచి నమోదు చేయడం సీడీల కాలం నాటి కంప్యూటర్లకే సాధ్యమైన పని. అనగా నాలుగేళ్లు దేనికై ఆగారో, అది ఆ కార్యానికి కారణమూ కాదు, సహకారీ కాదు. రోజుకు రెండు క్యాసెట్ల చొప్పున ఎనభై క్యాసెట్లకు నలభై రోజులు చాలు. ఒక మండలదీక్ష.

2019 ఆరంభంలో గురువుగారు సిద్ధి పొందారు. తొలిమాసికం గడిచాక మేనల్లుడు తన చదువు నాటి ల్యాప్‌టాప్‌ను అటక మీద నుండి దించి, దుమ్ము తుడిచి తెచ్చి ఇచ్చాడు. అది ఏడేళ్ల నాటిది. దానితోనే నలభై రోజులలో పని పూర్తయింది. గోదావరీతీరపు తేమకు కొన్ని టేపులు బూజుపట్టాయి. ఒక క్యాసెట్‌లో శిష్యుడొకరు అడిగిన ప్రశ్న స్పష్టంగా వినబడుతుంది. గురువుగారు సమాధానం మొదలుపెట్టిన కాసేపటికే ధ్వని కుంగిపోయింది. ఒక్క ఏడాది ముందైతే వీధి చివరి ఇంటికి నడిచి వెళ్లి "ఇక్కడ ఏమి సెలవిచ్చారండీ?" అని అడిగితే సరిపోయేది. వ్రాతప్రతిలో ఆ చోట నేటికీ చుక్కలే ఉన్నాయి.

ఆ ప్రవచనాలకు ఆధారమైన ఉపనిషత్తులోని బాలుడు కూడా ఎదురుచూసినవాడే. యముని గృహద్వారాన నచికేతుడు మూడు రాత్రులు నిరాహారుడై వేచి ఉన్నాడు. అయితే ఎవరి కోసం వేచి ఉన్నాడో అతనికి తెలుసు. యముడు వచ్చిన పిమ్మట దీర్ఘాయువును, ఐశ్వర్యాన్ని ఆశచూపి ఆ ప్రశ్నను విడిచిపెట్టమన్నప్పుడు అతడు ఒప్పుకోలేదు. ఎదురుచూడడమూ తెలిసినవాడు, ఇక వాయిదా వేయరాదని తెలిసినవాడు అతడు.

కనుక ఆగడమే దోషమని తీర్మానించరాదు. 2020 జూన్‌లో ఆపిల్ సంస్థ తన కంప్యూటర్లను సొంత ప్రాసెసర్లకు మారుస్తామని, తొలి యంత్రం ఆ ఏటి చివరికే వస్తుందని ప్రకటించింది. నవంబరులో ఎం1 ప్రాసెసర్‌తో అది వచ్చింది. ఆ వేసవిలో మాక్ కొనదలచి, చేతిలోని యంత్రం పని చేస్తుండగా ఐదు నెలలు ఆగినవారు వివేకులే. వచ్చేది నిర్దిష్టం, గడువు సమీపం, నిర్మాణంలో మార్పు మౌలికం, నడుమ వారి పని ఆగలేదు. శబరి నిరీక్షణ సైతం ఇట్టిదే. రామాగమనానికై ఆమె మతంగాశ్రమంలో వేచి ఉన్న కాలమంతా తపస్సుతో, ఆశ్రమసేవతో, అతిథికై వన్యఫలసేకరణతో నిండి ఉన్నది. ఆమె ఎదురుచూపులో శూన్యమైన దినమంటూ లేదు.

ఒక వస్తువు కోసం ఆగదలచినవారు తమను తాము మూడు విషయాలలో ప్రశ్నించుకోవాలి. నేటి నా పనికి ఏర్పడిన ఆటంకం ఏది? రాబోయేది ఆ ఆటంకాన్నే తొలగిస్తుందా? అంతవరకు పని నడుస్తుందా, నిలిచిపోతుందా? మూడింటికీ సరైన సమాధానం దొరికితే నిశ్చింతగా ఆగవచ్చు. పని నిలిచిపోతుందని తేలితే ఉన్నవాటిలో తగినదానిని కొనడమో, ఎరువు తెచ్చుకోవడమో ఉత్తమం. ప్రాసెసర్ ఆలస్యమైనా ఏదో ఒకనాటికి వస్తుంది. మన ప్రశ్నకు సమాధానమీయగల పెద్దలు మాత్రం మన సౌకర్యం కోసం ఆగరు. అట్టి పని ఏదైనా ఇంట మిగిలి ఉంటే, ఈ సాయంకాలమే మొదటి క్యాసెట్‌ను వెలికి తీయడం శుభం.

స్వస్తి.