లిమాలో కూర్చుని పెరూ మొత్తం తినొచ్చు!

లిమా వెళ్తున్నానని చెప్పగానే అందరిదీ ఒకటే మాట... ‘సెవిచే తినకుండా రావద్దు’ అని. పచ్చి చేప ముక్కల్ని నిమ్మరసంలో నానబెట్టి, ఉల్లిపాయ, మిరపకాయ కలిపి ఇస్తారు. 2023లో యునెస్కో వారసత్వ జాబితాలోకీ ఎక్కింది. తిన్నాను, బాగుంది. కానీ మిరాఫ్లోరెస్‌లో సముద్రం పక్కనే తిరుగుతూ మూడు రోజులు అదే తిన్నాక డౌటొచ్చింది... పెరూ అంటే ఇంతేనా?

హాస్టల్ రిసెప్షన్‌లో ఉండే అమ్మాయిని అడిగా. నవ్వేసింది. ‘అది సముద్రం తిండి. మాది కొండల తిండి. ఆదివారం ఖాళీగా ఉంటే మా ఇంటికి రా’ అంది.

దేశ జనాభాలో దాదాపు మూడో వంతు లిమాలోనే ఉంటుంది. వాళ్లలో చాలామంది కుటుంబాలు కొండల నుంచో, అడవుల నుంచో వచ్చినవే. వస్తూ వస్తూ వంటలూ తెచ్చుకున్నారు. కాబట్టి ఆదివారం వచ్చేలోగా నగరంలోనే దేశం చుట్టేద్దామని బయల్దేరా.

ఉత్తరం.. బాతు, అన్నం

ఉత్తర తీరంలోని చిక్లాయో రుచులకి మిరాఫ్లోరెస్‌లోని ‘ఫియెస్తా’ పెట్టింది పేరు. తినాల్సింది ‘అర్రోస్ కోన్ పాతో’. కొత్తిమీర, బీరు పోసి వండిన పచ్చటి అన్నం మీద బాతు మాంసం. బిల్లు మాత్రం గట్టిగానే అవుతుంది. అదే చెఫ్ ఎక్తోర్ సోలిస్‌ది సుర్కియోలో ‘లా పికాంతెరీయా’ ఉంది. అక్కడ చేపని మొత్తంగా ఎంచుకుంటే కొంత సెవిచేగా, కొంత పులుసులా చేసిపెడతారు. నలుగురు కలిసి వెళ్తే గిట్టుబాటు. మధ్యాహ్నమే వెళ్లండి. లిమాలో చేపల హోటళ్లు చాలావరకు సాయంత్రానికల్లా మూసేస్తారు.

అడవి.. ఆకులో అన్నం

అమెజాన్ రుచులకి మిరాఫ్లోరెస్‌లోనే ‘ఆమాస్’ ఉంది. ఆ వైపు వంటల్లో రెండు పేర్లు గుర్తుపెట్టుకోండి. ‘హువానె’ అంటే కోడి, గుడ్డు పెట్టిన అన్నాన్ని బిహావో ఆకులో మూటకట్టి ఉడికించేది. జూన్ 24న సెయింట్ జాన్ పండక్కి ఇది ఉండాల్సిందే. ‘తకాచో’ అంటే కాల్చిన పచ్చి అరటికాయని పంది కొవ్వుతో దంచి చేసిన ముద్ద. పక్కన ఎండబెట్టిన పంది మాంసం ఇస్తారు.

దక్షిణం.. కారం మావాళ్లకే!

అరెకీపా వాళ్ల ‘రొకోతో రెయేనో’ చూడ్డానికి మాంసం కూరిన క్యాప్సికమ్. అలా అనుకుని కొరికితే అయిపోయారే! లోపల నల్ల గింజలుండే రొకోతో మిరపకాయ అది, మామూలు ఘాటు కాదు. కూరేది ఎక్కువగా బీఫ్. తినని వాళ్లు ముందే అడగండి. మెనూలో ‘రెస్’ అని ఉంటే అది బీఫే. శాకాహారులు ‘మాంసం వద్దు’ అని ఊరుకుంటే సరిపోదు, ‘కోడి కూడా వద్దు’ అని చెప్పాలి. లేకపోతే చికెన్ వచ్చేస్తుంది.

ఆదివారం.. మట్టిలో వంట

మెట్రో ఒకటో లైన్‌లో సాన్ హువాన్ దె లురిగాంచోకి వెళ్లాం. కొండ ఎక్కేసిన ఇటుక ఇళ్లు, సన్నటి మెట్లు. ఇంటి వెనక చిన్న గొయ్యి, పక్కన మంటలో కాలుతున్న రాళ్లు. వంట పేరు ‘పచామంకా’. కెచువా భాషలో పచా అంటే భూమి, మంకా అంటే కుండ. కాలిన రాళ్ల మధ్య మసాలా పట్టించిన మాంసం, బంగాళదుంపలు, చిలగడదుంపలు, చిక్కుడుకాయల్లాంటివి పేర్చి, ఆకులు, గుడ్డలు కప్పి, పైన మట్టి పోసేశారు. అరకు బొంగు చికెన్ గుర్తొచ్చింది.

వంటంతా అమ్మాయి అమ్మమ్మ చేతుల మీదే. వాళ్లది అయకూచో. 1980 నుంచి 2000 దాకా తీవ్రవాదులకీ సైన్యానికీ మధ్య నలిగి దేశంలో దాదాపు 69 వేల మంది చనిపోయారని ప్రభుత్వ కమిషన్ అంచనా. అందరికంటే ఎక్కువ నష్టపోయింది అయకూచోనే. ఆవిడ ఒక రాత్రి ఇద్దరు పిల్లల్ని తీసుకుని వచ్చేశారట. మళ్లీ వెళ్లలేదు.

ఆవిడ కెచువాలో చెబుతుంటే మనవరాలు ఇంగ్లిష్‌లో చెప్పింది. మధ్యలో ఆగి, ‘నాకు అర్థమవుతుంది, మాట్లాడ్డం రాదు. స్కూల్లో ఏడిపిస్తారని మా అమ్మ నేర్పలేదు’ అంది. భాష అమ్మ దగ్గరే ఆగిపోయింది. గొయ్యి తవ్వడం, రాళ్లు పేర్చడం మాత్రం ఆ అమ్మాయికి వచ్చేసింది.

మట్టి తీయగానే ఆవిరి లేచింది. పొగ వాసన పట్టిన బంగాళదుంపని పచ్చటి కారంలో ముంచి తిన్నా. మాకూ కారం ఇష్టమేనని చెబితే అమ్మమ్మ నమ్మలేదు. ఫోన్‌లో గుంటూరు మిర్చి యార్డు ఫొటో చూపించా. ఆ ఎర్రటి రాశులు చూసి ఏదో అని పెద్దగా నవ్వారు.

‘మిరపకాయ పుట్టిల్లు మా వైపే కదా, మీ దగ్గరకెళ్లి బాగానే స్థిరపడింది అంటోంది’ అని చెప్పింది మనవరాలు.

లిమాలో మీకెవరూ తెలియకపోయినా ఫర్లేదు. ఆదివారం నగర శివార్లలోని సియెనెగియా, పచకామాక్ వైపు వెళ్తే పచామంకా పెట్టే హోటళ్లు దొరుకుతాయి. సెవిచే ఒక పూట చాలు. మిగతా పూటలు వీళ్లకి ఇవ్వండి.