ఒక్క బిళ్ళే గదా అనుకోకండి!

"డాక్టరు గారూ, ఒక్క బిళ్ళే గదా, ఏం చేస్తుంది?" అని అడిగేవారు మా గుంతకల్లులో నాకు తరచుగా తగులుతుంటారు. వేసవిలో మరీ ఎక్కువ. శనక్కాయల చేలో వంగి పని చేసినవారికి నడుము నొప్పి, రాత్రంతా రైల్లో డ్యూటీ చేసి దిగినవారికి తలనొప్పి, ఇల్లాలికి మోకాళ్ళ నొప్పులు. పొద్దున్నే ఖాళీ కడుపున ఒక కప్పు టీ, దానితో బాటు ఒక బిళ్ళ. నొప్పి తగ్గుతుంది, నిజమే. కాని ఆ బిళ్ళ ఏ రకానిదో మీరెప్పుడయినా చూశారా?

ఇంట్లో ఉండే నొప్పుల బిళ్ళలు ముఖ్యంగా రెండు రకాలు. మొదటిది పారాసిటమాల్. దీనిని భోజనానికి ముందయినా, తర్వాతయినా వేసుకోవచ్చు. కడుపుకు అంతగా చెరుపు చేయదు. దీని గొడవంతా కాలేయంతోనే. ఆరోగ్యవంతులైన పెద్దలు సైతం 24 గంటల్లో 500 మిల్లీగ్రాముల బిళ్ళలు ఎనిమిదికి మించకూడదు. బిళ్ళకూ బిళ్ళకూ నాలుగు గంటలైనా ఎడం ఉండాలి. జలుబు బిళ్ళల్లో కూడ ఇదే మందు ఉండవచ్చు. దాన్నీ లెక్కలో వేసుకోండి. సారా, బ్రాందీ అలవాటున్నవారు డాక్టరు నడిగి గాని వేసుకోరాదు.

రెండో రకం ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటివి. ఇవి ఎలా పని చేస్తాయో 1971లో జాన్ వేన్ అనే శాస్త్రజ్ఞుడు కనిపెట్టారు. 1982లో ఆయనకు నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. మన ఒంట్లో నొప్పినీ వాపునూ పెంచే ప్రోస్టాగ్లాండిన్లను ఈ మందులు తయారు కానివ్వవు. అయితే జీర్ణకోశపు లోపలి పొరను కాపాడేవీ, ఒంట్లో నీరు తగ్గినప్పుడు మూత్రపిండాలకు రక్తం సరిగా అందేలా చూసేవీ ఆ పదార్థాలే! నొప్పితోబాటు కాపలా కూడ పోతుందన్నమాట.

కనుక ఈ బిళ్ళలు ఖాళీ కడుపున వద్దు. టీ నీళ్ళు ఆహారం కాదు. ఇంత ఉగ్గానో, రొట్టో, మజ్జిగన్నమో తిని, నిండు గ్లాసు మంచినీళ్ళతో మింగండి. అన్నం తిన్నాం గదా అని రోజుల తరబడి వాడకండి. మందు రక్తంలో కలిసి కూడ జీర్ణకోశంపై పనిచేస్తుంది. సూది రూపంలో తీసుకున్నా అంతే. మద్యంతో కలిస్తే కడుపులో రక్తస్రావం కావచ్చు.

మనది వానలు కరువైన ప్రాంతం. ఎండలో చెమటోడ్చి, నీళ్ళు చాలక మూత్రం పచ్చగా, కొద్దిగా వస్తున్నప్పుడు ఈ రెండో రకం బిళ్ళ వేసుకుంటే మూత్రపిండాలు దెబ్బ తినవచ్చు. వాంతులు, విరేచనాలు అవుతున్నప్పుడూ అంతే. ముందు నీళ్ళు తాగి, నీడన విశ్రాంతి తీసుకోండి. అల్సరు, మూత్రపిండాల జబ్బు, గుండె జబ్బు ఉన్నవారు, రక్తపోటుకు మందులు వాడేవారు, గర్భిణీలు డాక్టరు చెప్పనిదే వీటిని ముట్టుకోకూడదు. గుండె కోసం డాక్టరు రాసిన ఆస్పిరిన్‌ను మాత్రం మీ అంతట మీరు మానకండి. పిల్లలకు ఆస్పిరిన్ ఇవ్వకండి.

మలం తారులా నల్లగా వచ్చినా, వాంతిలో రక్తం కనిపించినా, మూత్రం బాగా తగ్గినా, ముఖమో కాళ్ళో వాచినా వెంటనే ఆసుపత్రికి రండి. వేసుకున్న బిళ్ళల అట్ట కూడ వెంట తీసుకురండి. మూడు రోజులు దాటినా తగ్గని నొప్పికి కావలసింది ఇంకో బిళ్ళ కాదు, పరీక్ష.