పదవ వంతు

టెస్టోస్టిరాన్ అనగానే మీసకట్టును, కండబలమును తలచుకొను మనకు, స్త్రీల అండాశయములు సైతము దానిని ఉత్పత్తి చేయుచుండుననినచో వింతగా తోచును. ముట్లుడుగు వేళ ఈస్ట్రోజన్ వలె ఇది ఒక్కసారిగా పడిపోదు. యౌవనమునుండియే మెల్లమెల్లగా తగ్గుచు వచ్చును. అండాశయములను శస్త్రచికిత్సచే తొలగించినవారిలో మాత్రము ఆ పతనము ఆకస్మికము. చిన్న వయసుననే గర్భసంచి తీయించుకొన్న స్త్రీల లెక్కలో మన తెలుగు రాష్ట్రములు దేశమున ముందు వరుసనున్నవి. వారిలో కొందరికి అండాశయములును దానితోనే పోయినవి.

డాలస్‌లో కాపురముండి, శనివారములు పిల్లలకు సంగీతము నేర్పుచుండిన 52 ఏండ్ల ఇల్లాలొకరు, సంక్రాంతికి పుట్టింటికి వచ్చి నన్ను చూడవచ్చినది. నీరసమనియు, నిద్ర పట్టదనియు చెప్పినందుకు అచ్చటి క్లినిక్కువారు ఆమె పిరుదుపై చర్మము క్రింద బియ్యపుగింజంత టెస్టోస్టిరాన్ గుళికను అమర్చి, మూడు నాలుగు మాసములకొకటి చొప్పున కొత్తవి వేయుచు వచ్చిరి. గడ్డమున రోమములు, దవడలపై మొటిమలు పదుగురి కంటబడునవి గనుక వానికి చికిత్స అడిగినదే కాని, గొంతు సంగతి మాత్రము సెలవు తీసికొని తలుపుకడకు వెళ్లిన పిమ్మట చెప్పినది. "ఫోనులో హలో అనగానే 'సార్' అంటున్నారండీ డాక్టరుగారూ!" ఐదున్నర శ్రుతిలో అవలీలగా పాడిన కంఠము, నాలుగు శ్రుతికి దించుకొన్నను తారస్థాయి గాంధారము కడ చీలుచుండెను. రక్తములో టెస్టోస్టిరాన్ స్త్రీలకుండదగిన గరిష్ఠ పరిమితికి ఐదింతలున్నది.

మొటిమలును, రోమములును మందు మానినచో కాలక్రమమున తగ్గును. స్వరతంత్రులు మందమైన పిదప, భగశిశ్నిక పెరిగిన పిదప, అవి పూర్వస్థితికి వచ్చునని ఆశ పెట్టుకొనరాదు. చర్మమునకు పూసికొను టెస్టోస్టిరాన్ జెల్లునైతే నేడే మానవచ్చును. గుళిక కరగువరకు వేచియుండవలసినదే. పలు దేశముల వైద్యసంఘములు కలిసి 2019లో వెలువరించిన ప్రకటనలో, రక్తములో మందు మితిమీరజేయు గుళికలను, సూదిమందులను వలదనిరి. నీరసమునకు, జ్ఞాపకశక్తికి, ఎముకల పుష్టికి ఇది పనిచేయుననుటకు తగిన ఆధారము లేదనియు, కామేచ్ఛ సన్నగిల్లి అందుచే మనోవ్యథ చెందు ముట్లుడిగిన స్త్రీకి మాత్రమే ప్రయోజనము రుజువైనదనియు అందలి సారాంశము. చిత్రమేమనగా, నా గదిలోనికి వచ్చి నీరసమనని స్త్రీ లేదు. కామేచ్ఛ సన్నగిల్లినదని నోరు విప్పి చెప్పువారు బహు అరుదు. అడుగు వైద్యులును అంతే అరుదు.

తెనాలి ప్రాంతపు ఒకామె చెప్పినది. 38వ ఏట గర్భసంచితోపాటు అండాశయములును తీసివేసిరి. "ఆయనంటే కోపం లేదమ్మా, మనసే రావట్లేదు," అని నేల చూచుచు అన్నది. ముందుగా ఈస్ట్రోజన్ ఇచ్చి, ఇతర కారణములన్నియు విచారించిన పిమ్మటనే జెల్లు ఆలోచన చేసితిని. ఆస్ట్రేలియాలో స్త్రీల కొరకే తయారైన క్రీమునకు 2020లో అనుమతి లభించినది. ఇచ్చట మాకు దొరకునది పురుషుల జెల్లు. ఆ ప్యాకెట్టులో 50 మిల్లీగ్రాములుండును, స్త్రీకి దినమునకు కావలసినది అందులో పదవ వంతు. తొడకు పూసికొని, చేతులు సబ్బుతో కడిగికొని, మనుమరాలికి ఆ చోటు తగులనీయవలదని మరీ మరీ చెప్పితిని; పెద్దలు పూసికొన్న ఈ జెల్లు అంటి పసిపిల్లలలో అకాల యౌవన లక్షణములు పొడసూపగా, అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2009లో ప్యాకెట్లపై తీవ్రమైన హెచ్చరికను ముద్రింపజేసినది. ఆరు మాసములలో గుణము కనబడనిచో మానవలెననియు ముందే ఒప్పందము చేసికొంటిమి.

ఆరవ వారపు రక్తపరీక్షలో కొలత పరిమితిని దాటినది. విచారింపగా, పది దినముల ప్యాకెట్టును ఆమె ఐదు దినములలోనే ముగించుచున్నది. గుణము కనబడినదనియు, గడ్డము క్రింద నాలుగు వెండ్రుకలు వచ్చినను తాను వానిని లెక్కచేయననియు నవ్వుచు చెప్పినది. నేను లెక్కచేయవలసినదానను గనుక, సూదిలేని సిరంజిలోనికి జెల్లును ఎక్కించి, ఏ దినమునకు ఎంతో గీతలు చూపి పంపితిని.