అటక మీది కంప్యూటరు... అందులో ఒక హీరోయిన్!

కార్డు అంటే మనకు తెలిసినవి రేషను కార్డు, పెళ్ళి కార్డు, సినిమా చివర పడే శుభం కార్డు. డ్రైవరు అంటే 1979లో ఎన్టీఆర్ నటించిన ‘డ్రైవర్ రాముడు’. ఈ రెండు మాటలకూ మూడో అర్థం ఒకటుంది. అది ఎరగకపోతే ఒక మనిషి రాసిన రాతంతా పాత ఇనుము కింద పోతుంది!

సంగతేమిటంటే, మాది రాజంపేట. రాయలసీమ రాజంపేట కాదండోయ్, కామారెడ్డి పక్కనున్న రాజంపేట. మా చిన్నాయన 1990లలో కామారెడ్డిలో డి.టి.పి. షాపు నడిపేవాడు. పగలు పెళ్ళి పత్రికలు, కరపత్రాలు. రాత్రి సినిమా కథ. ఆయన పోయాక ఆ 486 కంప్యూటరు అటకెక్కింది. మొన్న పాత సామాన్లవాడు తూకానికి అడిగితే చిన్నమ్మ అడ్డం పడింది.

“ఆయన రాసిన కథ గా డబ్బలనే ఉన్నదట బిడ్డా. ఏం రాసిండో నాకైతే సూపియ్యలే. జర నువ్వన్న తీసి సదువు” అంది.

పత్రికలకు రాసుకుంటూ బతికేవాణ్ణి, డిగ్రీలో కంప్యూటర్లు ఒక పేపరుగా చదివినవాణ్ణి. సరేనన్నాను. స్విచ్చి వేస్తే లైటు వెలిగింది గాని, హార్డు డిస్కు కనబడడం లేదని తెర మీద కబురొచ్చింది. డిస్కును ఊడదీసి లాప్‌టాపుకు తగిలించవచ్చు గదా అంటారా? అదీ చూశాను. ఆ కాలపు డిస్కులకు సిలిండరు, హెడ్డు, సెక్టారు అని చిరునామా చెప్పాలి. ఇప్పటి యు.ఎస్.బి. అడాప్టర్లలో చాలావాటికి ఆ చిరునామా చెప్పడం రాదు. పాతవాణ్ణి పాతవాడే పలకరించాలన్నమాట.

అసలు జబ్బు వేరే చోట ఉంది. అప్పటి 486లలో చాలావాటికి డిస్కూ ఫ్లాపీ నేరుగా మదర్‌బోర్డుకు తగలవు. మధ్యలో మల్టీ ఐ.ఓ. కార్డు అనే దళారి ఉంటాడు. ఆ కార్డు చచ్చిపోయింది. మూడు ఆదివారాలు హైదరాబాదు ఎర్రగడ్డ సంతలో తిరిగితే 150 రూపాయలకు ఒకటి దొరికింది. తెచ్చి పెట్టానో లేదో మిషను బిగుసుకుపోయింది! కార్డులు ప్రాసెసరును పిలవడానికి ఐ.ఆర్.క్యు. అనే నంబరు వాడుకుంటాయి. లోపలున్న మోడెం కార్డుదీ, కొత్త కార్డులోని రెండో సీరియల్ పోర్టుదీ ఒకటే నంబరు, 3. ఇద్దరు హీరోయిన్లకు ఒకే మేకప్ రూము ఇచ్చినట్టు! జంపరు అనే చిన్న టోపీ మార్చి ఆ పోర్టును మూసేశాను. బ్యాటరీ అయిపోయి బయాస్ అన్నీ మరిచిపోయింది కనుక, డిస్కు మీది చీటీ చూసి సిలిండర్ల లెక్క చేత్తో ఎక్కించాను. డాస్ వచ్చింది.

ఫైలు తెరిస్తే ఏముంది? గళ్ళు, గీతలు, గ్రీకు అక్షరాలు!

ఇక్కడే రెండో కార్డు రంగప్రవేశం. దాని పేరు జిస్ట్. కాన్పూరు ఐ.ఐ.టి.లో బీజం పడి, 1988లో ఏర్పడిన పూనా సి-డాక్‌లో పెరిగింది. ఇంగ్లీషు తప్ప ఎరగని డాస్ తెర మీద తెలుగు, హిందీ, తమిళం చూపించింది. దాని వెనకున్నది ఇస్కీ అనే పద్ధతి. అందులో ‘క’కు మన భాషలన్నిటిలోనూ ఒకటే నంబరు. 1991లో వచ్చిన యూనికోడ్ ఆ వరుసనే పట్టుకుంది. నేడు మన సెల్‌ఫోన్లో తెలుగు అక్షరాలు కూర్చున్న క్రమం అదే.

అయితే కారుంటే చాలదు గదా, డ్రైవరు కావాలి. అదృష్టం, డ్రైవరు ప్రోగ్రాము డిస్కులోనే ఉంది. దాన్ని నిద్రలేపే ఒక్క వరుస మాత్రం ఎవరో తీసేశారు. ఆ వరుస రాసి మళ్ళీ స్టార్టు చేశాను. గ్రీకు అక్షరాలు తప్పుకుని తెలుగు నిలబడింది.

మొత్తం 43 సీన్లు. హీరోయిన్ బీడీలు చేసే పిల్ల. ఆమె నోట అచ్చం మా ఊరి భాష! ఆ రోజుల్లో వెండితెర మీద మా యాస ఎక్కువగా రౌడీలకూ కమేడియన్లకూ దక్కేది. చిన్నాయన దాన్ని హీరోయిన్‌కు ఇచ్చాడు. 2017లో ‘ఫిదా’ వచ్చి, మా జిల్లా బాన్సువాడ పిల్ల భానుమతి అదే యాసలో మాట్లాడితే జనం నెత్తిన పెట్టుకున్నారు. చూడ్డానికి ఆయన లేడు.

కథను ఫ్లాపీలోకి దించి, యూనికోడ్‌లోకి మార్చి, ఫోనులో చిన్నమ్మకు చదివి వినిపించాను. ఏడో సీనులో హీరోయిన్ హీరోను చెడామడా తిడుతుంది. చిన్నమ్మ చెయ్యెత్తి ఆపింది.

“ఆగు బిడ్డా. గీ తిట్లు నాయి. పెండ్లయిన కొత్తల నేనే తిట్టిన” అని నవ్వింది. తర్వాత కొంగుతో కళ్ళద్దాలు తుడుచుకుని, “మల్ల మొదటిసంది సదువు” అంది.

కథ 43వ సీనులో ఆగిపోయింది. శుభం కార్డు పడలేదు. చిన్నమ్మకు ఆ చింత లేదు, ఏడో సీను చాలునంటుంది.

పాఠకులారా, మీ అటకల మీదా ఇలాంటి డబ్బాలు ఉండే ఉంటాయి. తూకానికి వేసేముందు ఒకసారి మూత తీసి స్లాట్లు చూడండి. జిస్ట్ కార్డు కనబడిందా, ఆ డిస్కులో ఎవరిదో తెలుగు ఉండవచ్చు.